పగుళ్ల మీద తేదీలు: సున్నపురాయి నేలలో ఒక ఎమ్మెల్యే కేస్ స్టడీ

కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో, ఎస్సీ కాలనీ చివరి ఇంటి వెనక గోడ మీద మూడు సిమెంటు బిళ్లలు ఉన్నాయి. ఒక్కొక్కటి అరచెయ్యంత. తడి ఆరకముందే మేకుతో గీసిన తేదీ ప్రతి బిళ్ల మీదా కనిపిస్తుంది. మొదటి రెండూ నడిమికి చీలిపోయాయి. మూడోది అట్లాగే ఉంది. ఒక ఎమ్మెల్యే రాజకీయ జీవితం గురించి నాకు తెలిసినదంతా ఆ మూడు బిళ్లల చుట్టూనే తిరుగుతుంది.

నేను 22 ఏళ్లు ఎమ్మెల్యేల దగ్గర పీఏగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఈయన దగ్గరే. ఇప్పుడు నల్గొండలో ఉంటూ, కొత్త సర్పంచులకు, ఎమ్మెల్యే ఆఫీసుల్లో చేరే పిల్లలకు అర్జీ ఎట్లా నడపాలో నేర్పుతున్నాను. ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. పేరు, పార్టీ, నియోజకవర్గం, ఏ ఎన్నికలు అన్నది మాత్రం రాయడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. చట్టాలు, రేట్లు, నిబంధనలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను. ఆయన్ను ఇన్నేళ్లూ 'అన్నా' అనే పిలిచాను కాబట్టి ఇక్కడా అన్న అనే రాస్తాను.

నల్గొండ అనగానే బయటివాళ్లకు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, నాగార్జునసాగర్ గుర్తొస్తుంది. గనులు అంటే అందరికీ సింగరేణే. కానీ దామరచర్ల, వాడపల్లి నుంచి పాలకీడు, మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం దాకా కృష్ణ వెంబడి నేల కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినప్పుడు ఇందులో ఎక్కువ భాగం సూర్యాపేటలోకి పోయింది. ఈ పట్టీలో చాలాచోట్ల ఫ్యాక్టరీ వెనక గని, గని పక్కన ఊరు. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, కాసేపటికి నేల అదురుతుంది. మా దగ్గర దాన్ని ఎవరూ బ్లాస్టింగ్ అనరు. 'గుట్ట పేలింది' అంటారు, గుట్ట కరిగిపోయి గుంత మిగిలిన చోట కూడా.

అన్న తండ్రి పాలమూరు నుంచి వచ్చిన మట్టి పని కూలీ. సాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన అయింది. ఆ తర్వాత ఎడమ కాలువ తవ్వకానికి మేస్త్రీల వెంట గుంపులు గుంపులుగా వచ్చినవాళ్లలో ఆయనొకడు. పని అయిపోయాక అందరూ వెనక్కి పోయారు, ఈయన మాత్రం కాలువ కిందే రెండెకరాలు కౌలుకు పట్టి ఆగిపోయాడు. అన్న హాస్టల్లో ఉండి పదో తరగతి పాసయ్యాడు. ఇంటర్ సగంలో ఆపేసి గనిలో డ్రిల్లర్ హెల్పర్‌గా చేరాడు. బోరు ఎంత లోతు వేయాలి, పేలుడు మందు ఎంత నింపాలి, రాయి ఎటు ఎగురుతుంది, ఇవన్నీ ఆయన ఆ నాలుగేళ్లలో చేత్తో నేర్చుకున్నవి. ఎమ్మెల్యేల్లో ఈ చదువు ఉన్నవాళ్లు చాలా తక్కువ.

ఒక రోజు రాయి ఎగిరొచ్చి తోటి హెల్పర్‌కు కన్ను పోయింది. ఆస్పత్రిలోనే మేనేజ్‌మెంట్ మనిషి వచ్చి కొంత డబ్బు చేతిలో పెట్టి పోయాడు. అప్పుడు అమల్లో ఉన్న గనుల చట్టం 1952 ప్రకారం ప్రమాదం జరిగితే గని యాజమాన్యం లిఖితపూర్వకంగా నోటీసు పంపాల్సి ఉండేది. అక్కడ ఎవరూ ఏమీ రాయలేదు. రెండేళ్ల తర్వాత ఆ అబ్బాయి 1923 నాటి కార్మిక పరిహార చట్టం కింద కేసు వేయాలని వకీలు దగ్గరికి పోతే, ప్రమాదం గనిలోనే జరిగిందనడానికి ఒక్క ఆధారం అడిగారు. లేదు. అన్న యూనియన్‌లోకి పోవడానికి కారణం ఆ కన్ను. యూనియన్ నుంచి సర్పంచ్, ఆ తర్వాత మండలం, ఆ తర్వాత ఎమ్మెల్యే టికెట్. మధ్యలో జరిగిన పార్టీ గొడవలు ఈ కేసుకు అక్కర్లేదు.

మొదటిసారి గెలిచింది ఉమ్మడి రాష్ట్రంలో, 294 మంది సభ్యుల సభలోకి. పొద్దున ఆరు గంటలకే వాకిలి నిండేది. ఆరోగ్యశ్రీ లెటర్లు, పింఛన్లు, పోలీస్ స్టేషన్ గొడవలు, ట్రాన్స్‌ఫార్మర్లు. మధ్యలో గని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు: 'అన్నా, గోడలు నెర్రెలిచ్చినయి.' అన్న వెంటనే ఫోన్ తీసేవాడు. వాళ్ల ముందే గని మేనేజర్‌తో మాట్లాడేవాడు. 'మా ఊళ్ల ఇండ్లు ఊగుతున్నయంట, జెర చూడుండ్రి.' వచ్చినవాళ్లకు తృప్తిగా ఉండేది. పది రోజులు పేలుళ్లు తగ్గేవి. పదకొండో రోజు మళ్లీ మామూలే.

అదే మేనేజర్‌కు మేం ఇంకో రకం ఫోన్లు కూడా చేసేవాళ్లం. ఫలానా పిల్లగాడికి కాంట్రాక్ట్ లేబర్‌లో గేటు పాసు ఇప్పించండి, ఫలానావాళ్ల ట్రాక్టర్ పెట్టించుకోండి. అడిగింది మేమే, తీసుకున్నది మా ఊరివాళ్లే, అందులో ఒక్క రూపాయి మా ఇంటికి రాలేదు. అయినా ఒకే మనిషిని పొద్దున పని అడిగి, సాయంత్రం పేలుళ్లు ఆపమంటే ఆ రెండో మాటకు బలం ఉండదు. ఇది లంచం కాదు, అవినీతి కాదు. అందుకే దీన్ని పట్టుకోవడం చాలా కష్టం. కొత్తగా చేరే పీఏలకు నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే.

ఆ ఐదేళ్ల ఇన్‌వార్డ్ రిజిస్టర్ ఓడిపోయాక తీరిగ్గా తిరగేశాను. బ్లాస్టింగ్ మీద మాకు వచ్చిన అర్జీలు 60 పైనే. మా ఆఫీసు నుంచి రాసి, అవతల ఆఫీసులో రసీదు తీసుకున్న లేఖలు రెండు. ఐదేళ్లు ఫోన్లో మాట్లాడినదంతా గాలికి పోయింది. కన్ను పోయిన అబ్బాయి కేసు ఎందుకు నిలవలేదో నిద్రలో అడిగినా చెప్పగల మనిషి, తన చేతికి అధికారం వచ్చినప్పుడు అదే పొరపాటు చేశాడు. నేనూ పక్కనే ఉన్నాను, నాకూ తోచలేదు.

ఇక్కడ ఎమ్మెల్యేకు నిజంగా ఏ అధికారం ఉందో చెప్పాలి, ఎందుకంటే జనం అనుకునేది వేరు. గనుల లీజులు, రాయల్టీ అంతా 1957 నాటి కేంద్ర చట్టం కింద నడుస్తాయి. రాయల్టీ రేటు కేంద్రం ఖాయం చేస్తుంది, వసూలు రాష్ట్రం చేసుకుంటుంది. పేలుళ్లు, కార్మికుల భద్రత చూసేది గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, మా వాళ్లు డీజీఎంఎస్ అంటారు. అది కేంద్ర కార్మిక శాఖ కింద ఉంది, ఎమ్మెల్యే ఫోన్‌కు లేచి నిలబడాల్సిన అవసరం దానికి లేదు. దుమ్ము, నీళ్లు కాలుష్య నియంత్రణ మండలి చూడాలి. టిప్పర్లు రవాణా శాఖ, రోడ్డు ఆర్ అండ్ బీ లేదా పంచాయతీరాజ్, భూమి రెవెన్యూ. ఏ ఒక్క చోటా ఎమ్మెల్యే సంతకంతో గని ఆగదు. ఆయన చేతిలో ఉన్నవి అడిగే హక్కు, రాయించే హక్కు, సభలో సమాధానం రాబట్టే హక్కు.

రెండోసారి ఓడిపోయాం. ఓటమికి కారణాలు పది చెప్పుకోవచ్చు. నేను కొలవగలిగింది ఒక్కటే: గని చుట్టూ ఉన్న ఆరు ఊళ్ల పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి మాకు మెజారిటీ, రెండోసారి ఆరింటిలోనూ వెనకబడ్డాం. గోడలు పగిలినవాళ్లు వేయలేదు. పని దొరకనివాళ్లు కూడా వేయలేదు. ఒకే ఊళ్లో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో, గనిని తిట్టేవాళ్లు, గని మీద బతికేవాళ్లు ఉంటారు. ఇద్దరికీ ఎమ్మెల్యే ఒక్కడే.

ఈ చిక్కు అన్ని గనుల ప్రాంతాల్లో ఒకేలా ఉండదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిన దగ్గర్నుంచి అక్కడ కార్మికుల తరాలు పెరిగాయి, సంఘాలు పెరిగాయి. అదే ఇల్లెందు నుంచి 1983లో మొదటిసారి గెలిచి, మొత్తం ఐదుసార్లు శాసనసభకు వెళ్లిన గుమ్మడి నర్సయ్య గారి గురించి క్లాసులో పిల్లలు తరచూ అడుగుతారు. ఆయన నిరాడంబరత గురించి అందరూ చెబుతారు. నేను దానితో పాటు ఇంకో సంగతి చెబుతాను. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. యజమాని ప్రభుత్వమే కాబట్టి అక్కడి ఎమ్మెల్యే సభలో నిలబడి నేరుగా యజమానినే అడగవచ్చు. మా సున్నపురాయి పట్టీలో యజమాని సభ బయట ఉంటాడు.

ఓడిపోయిన నెలకు అన్న ఆ ఎస్సీ కాలనీకి పోయాడు. కారు లేదు, గన్‌మన్ లేడు, నేనూ ఆయనా బండి మీద పోయాం. చివరి ఇంటి అవ్వ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

'గెలిచినప్పుడు రాలె, ఓడినంక వచ్చినవా బిడ్డా?'

'తప్పయిందవ్వా.'

'నా చిన్న మనవడికి గేటు పాసు ఇప్పిచ్చినవ్, కాదనను. గా పాసుతోని గోడ నిలవడ్తదా?'

అన్న గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పగులులో వేలు పెట్టి చూశాడు. 'ఇది పాతదా, పెరుగుతున్నదా, ఎట్ల తెలుస్తది?' అని తనే అడిగి, తనే జవాబు చెప్పాడు. గనిలో పనిచేసేటప్పుడు ఆఫీసు గోడ పగిలితే ఇంజినీర్ దాని మీద అడ్డంగా గాజు ముక్క అతికించి తేదీ రాసేవాడట. పగులు కదిలితే గాజు విరుగుతుంది. మాకు గాజు వద్దు, సిమెంటు చాలు. మర్నాడు ఒక మేస్త్రీని పిలిపించి 40 ఇళ్లకు పైగా పగుళ్ల మీద బిళ్లలు అద్దించాడు. ఊళ్లో ఉండే బడి పంతులు ఒక నోట్‌బుక్ పెట్టాడు. రోజూ సైరన్ ఎప్పుడు మోగింది, ఎన్నిసార్లు అదిరింది, ఏ ఇంట్లో సామాన్లు పడ్డాయి, ఏ బిళ్ల విరిగింది. అవ్వ గోడ మీది మొదటి బిళ్ల రెండున్నర నెలలకు విరిగింది. రెండోది వేశారు, అది నాలుగు నెలలకు.

అదే సమయంలో గని విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు వచ్చింది. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఈ సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లలో ప్రకటన రావాలి. నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీలో జనం చూసుకునేట్టు పెట్టాలి. పంచాయతీ ఆఫీసులో అది బీరువాలో ఉంది, తాళం బిల్ కలెక్టర్ దగ్గర. తాళం తీయించి, తెలుగు సారాంశం అక్కడే కూర్చుని చదివాం. ఇంగ్లిష్‌లో ఉన్న పెద్ద నివేదికను మిర్యాలగూడలో ఒక లెక్చరర్ మూడు సాయంత్రాలు కూర్చుని మాకు తెలుగులో చెప్పాడు.

అందులో ఊరు గని హద్దుకు 800 మీటర్ల దూరం అని ఉంది. అది గ్రామకంఠం నుంచి, అంటే పాత ఊరి ఇళ్ల స్థలం నుంచి, పాత మ్యాపు మీద కొలిచిన దూరం. ఎస్సీ కాలనీ ఆ తర్వాత కట్టింది, హద్దు వైపే పెరిగింది. సర్వేయర్‌ను బతిమాలి గొలుసు పట్టించి కొలిపిస్తే చివరి ఇల్లు 340 మీటర్ల దగ్గర ఉంది. లోతు బోర్లు వేసి పేల్చే చోట 500 మీటర్లను డేంజర్ జోన్‌గా లెక్కిస్తారు. అన్నకు ఇది పుస్తకంలో చూడాల్సిన పని లేదు, ఒకప్పుడు ఆ దూరంలో ఎర్ర జెండా పట్టుకుని నిలబడినవాడు.

సభ ముందు రోజు రాత్రి ఊళ్లో పెద్ద గొడవ. యువకులు గని విస్తరణను పూర్తిగా వ్యతిరేకించాలన్నారు. వాళ్లు పెద్దగట్టు పేరు తీశారు. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద 2003 ఆగస్టు 19న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు అన్న కార్యకర్తగా పోయాడు. సాగర్ జలాశయం పక్కనే గనులు, హైదరాబాద్‌కు అక్కంపల్లి నుంచి పోయే కృష్ణా తాగునీళ్లు, అన్నీ ఆ రోజు చర్చకు వచ్చాయి. ఆ గనులు మొదలుకాలేదు. ఆ తర్వాత 2019లో నల్లమలలో, అమ్రాబాద్ వైపు 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు కూడా పార్టీలన్నీ ఒక్కటై, సెప్టెంబర్ 16న శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

యురేనియం అంటే అందరికీ భయమే, దాని మీద అప్పటికి బతికేవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. అందుకే అక్కడ అందరూ ఒక్క మాట మీద నిలబడగలిగారు. సున్నపురాయి గని అట్లా కాదు, అప్పటికే వందల ఇళ్ల పొయ్యి దాని మీదే వెలుగుతోంది. ఆ రాత్రి అన్న వాళ్లతో అన్నది నాకు బాగా గుర్తుంది. 'రేపు వద్దంటే సగం ఊరు మన మీద తిరగబడ్తది, గని మాత్రం ఆగదు. షరతులు రాయిద్దాం. రాయిచ్చినయి అడగొచ్చు.' కొందరు ఆయన అమ్ముడుపోయాడన్నారు. ఆ మాట చాలాకాలం మా వెంట వచ్చింది. ఆయన చేసిందే సరైనదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

సభలో ఆయన మాట్లాడింది పది నిమిషాల లోపే. పంతులు నోట్‌బుక్ జిరాక్స్, బిళ్లల ఫొటోలు, సర్వేయర్ కొలత అధికారుల చేతికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాడు. తర్వాత జరిగింది చాలామంది గమనించరు. భోజనాలు మొదలయ్యాక జనం లేచిపోయారు. అన్న కుర్చీలోంచి లేవలేదు. సభలో వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలని నోటిఫికేషన్‌లో ఉంది. 'చదవండి సార్, వింటా' అన్నాడు. చదివారు. 340 మీటర్లు అన్న అంకె అందులో లేదు. రాయమన్నాడు. రాశారు. ఆ తర్వాత వచ్చిన పర్యావరణ అనుమతిలో దగ్గరి ఇళ్ల వద్ద ప్రకంపనలు కొలవాలనే షరతు పడింది.

తెలంగాణ వచ్చాక అన్న మళ్లీ గెలిచాడు. ఈసారి గేటు పాసుల ఫోన్లు మొదటి వారమే బంద్ అన్నాడు. కార్యకర్తలకు కోపం వచ్చింది, కొందరు వెళ్లిపోయారు. వాళ్లను నేను తప్పుపట్టలేను, ఇంట్లో పని లేని కొడుకు ఉన్నవాళ్లు వాళ్లు.

శాసనసభ ప్రశ్న దగ్గర మేం ఒక దెబ్బ తిన్నాం. మొదట పంపిన ప్రశ్నలో, ఫలానా మండలంలో బ్లాస్టింగ్ వల్ల ఇళ్లు దెబ్బతింటున్న మాట వాస్తవమేనా, అయితే తీసుకున్న చర్యలు ఏవి అని అడిగాం. రెండు వాక్యాల్లో సమాధానం వచ్చింది: 'అటువంటి సమాచారం లేదు. ప్రశ్న ఉత్పన్నం కాదు.' అవును కాదు అనే ప్రశ్న అడిగితే కాదు అని ముగిస్తారు. తర్వాతిసారి వాస్తవమేనా అనే మాట తీసేశాం. గత మూడేళ్లలో కాలుష్య నియంత్రణ మండలి ఏ ఏ తేదీల్లో తనిఖీ చేసింది, దుమ్ము కొలత ఎంత వచ్చింది, ఎన్ని నోటీసులిచ్చింది, ఆ మండలం నుంచి ఎంత రాయల్టీ వచ్చింది, అందులో ఆ ఊళ్లకు ఎంత ఖర్చు పెట్టారు. ఇవన్నీ రాష్ట్రం పరిధిలోవే, కేంద్రం మీదికి నెట్టడానికి లేదు. రాతపూర్వకంగా వచ్చిన జవాబులో ఒక ఏడాదికి తనిఖీ తేదీయే లేదు. ఆ ఖాళీ మాకు వంద ఉపన్యాసాల కంటే ఎక్కువ పనికొచ్చింది.

పేలుళ్ల సంగతి ఇంకో దారిలో నడిపాం. పర్యావరణ అనుమతి ఉన్న ప్రతి ప్రాజెక్టు, షరతులు ఎట్లా పాటిస్తున్నదీ జూన్ 1కి ఒకసారి, డిసెంబర్ 1కి ఒకసారి నివేదిక ఇవ్వాలి. అది ఎవరైనా చూడదగ్గ పత్రం. ఎమ్మెల్యే లెటర్‌ప్యాడ్ మీద కాకుండా, పంతులు పేరు మీద సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడిగాం. నివేదికలో ప్రకంపనల అంకెలు ఉన్నాయి, కానీ కొలిచింది ఫ్యాక్టరీ గేటు దగ్గర. షరతులో ఉన్నది దగ్గరి ఇల్లు. ఈ రెండు కాగితాలూ జతచేసి డీజీఎంఎస్‌కు అన్న ఒక లేఖ రాశాడు. ఒక్క పేజీ, తిట్లు లేవు, విజ్ఞప్తులు లేవు. రెండు చోట్ల గీత గీసి, ఇక్కడ ఇట్లా ఉంది, అక్కడ అట్లా ఉంది, వచ్చి కొలవండి అని.

వచ్చారు. అవ్వ వాకిట్లో యంత్రం పెట్టారు. డీజీఎంఎస్ 1997 సర్క్యులర్ ప్రకారం గనికి చెందని మామూలు ఇళ్ల దగ్గర, తక్కువ ఫ్రీక్వెన్సీలో ప్రకంపన సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. కొలిచిన రోజుల్లో రెండుసార్లు దాటింది. ఆ తర్వాత గనిలో పేల్చే పద్ధతి మారింది. బోర్లన్నీ ఒక్క దెబ్బకు కాకుండా డిలే డిటొనేటర్లతో మిల్లీసెకన్ల తేడాతో పేలేట్టు, ఒక్కో దఫా మందు తగ్గించి వేస్తున్నారు. ఉత్పత్తి తగ్గలేదు, ఒక్క కూలీకీ పని పోలేదు. మూడో బిళ్ల ఆ నెలలో వేసింది.

జిల్లా ఖనిజ ఫౌండేషన్ గురించి కూడా రాయాలి, అక్కడ మేం అంత బాగా చేయలేదు. 2015లో చట్టం మారాక, 2015 జనవరి 12కు ముందే ఉన్న లీజులు రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చినవి 10 శాతం ఈ ఫౌండేషన్‌కు అదనంగా కట్టాలి. సిమెంటుకు వాడే సున్నపురాయి రాయల్టీ అప్పుడు టన్నుకు 80 రూపాయలు. అంటే పాత లీజు నుంచి టన్నుకు 24 రూపాయలు. ఏడాదికి 10 లక్షల టన్నులు తీసే గని అయితే 2 కోట్ల 40 లక్షలు. గని వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం పుట్టిన డబ్బు ఇది. తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికి కనీసం 60 శాతం పోవాలన్నది అప్పటి నిబంధన. ఎమ్మెల్యేకు కమిటీలో చోటు ఉంటుంది.

అన్న ఆ మీటింగుల్లో గట్టిగా మాట్లాడి నియోజకవర్గానికి నిధులు తెచ్చాడు. కానీ అందులో మంచి భాగం గనికి దూరంగా ఉన్న పెద్ద ఊళ్ల సీసీ రోడ్లకు పోయింది. ఓట్లు అక్కడ ఎక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. గని ఊళ్లలో ఊపిరితిత్తుల పరీక్షలకు ఏటా ఒక క్యాంపు పెడదామన్న ప్రతిపాదన ఒక్క ఏడాది నడిచి ఆగిపోయింది. 2024లో కేంద్రం మార్గదర్శకాలు మార్చింది. కనీసం 70 శాతం అత్యవసర రంగాలకు అని, గని నుంచి 15 కిలోమీటర్ల లోపు ఉన్నదే నేరుగా ప్రభావితమయ్యే ప్రాంతం అని రాసింది. అంత స్పష్టమైన గీత అప్పుడు ఉంటే, పెద్ద ఊళ్ల నాయకులకు 'కుదరదు' అని చెప్పడం అన్నకు తేలికయ్యేది. గీత లేకపోయినా చెప్పి ఉండాల్సింది.

ఇక టిప్పర్ల సంగతి. రాయడం కష్టంగా ఉంది, కానీ ఇది లేకుండా కేసు పూర్తి కాదు.

గని నుంచి రాయి మోసే కాంట్రాక్ట్ టిప్పర్లు ఊరి మధ్య నుంచే, బడి ముందు నుంచే పోతాయి. బైపాస్ వేయించాలని అన్న మూడు శాఖలకు రాశాడు, ఆ ఫైలు నడుస్తోంది. బైపాస్ వచ్చేదాకా బడి వదిలే సమయంలో, పొద్దున గంట, సాయంత్రం గంట, టిప్పర్లు ఆపాలని పంతులు అర్జీ తెచ్చాడు. కలెక్టర్‌కు పంపడానికి లేఖ తయారుచేశాను. ఆ రోజు అన్న హైదరాబాద్‌లో సభలో ఉన్నాడు, సంతకానికి రెండు రోజులు పడుతుంది. సంబంధిత అధికారికి ఫోన్ చేస్తే సరిపోతుందని చేయించాను. ఆయన సరే అన్నాడు. మూడు వారాలు టిప్పర్లు ఆ వేళకు ఆగాయి. ఆ అధికారి బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన టేబుల్ మీద ఏ కాగితమూ లేదు. నాలుగో తరగతి పిల్లవాడు సాయంత్రం నాలుగున్నరకు, బడి గేటు నుంచి 50 అడుగుల దూరంలో, టిప్పర్ కింద పడ్డాడు.

ఆ లేఖ నా ఫైలులోనే ఉంది. సంతకం లేదు, ఇన్‌వార్డ్ నంబర్ లేదు. లేఖ పోయి ఉంటే పిల్లవాడు బతికేవాడని నేను ఖాయంగా చెప్పలేను. పోలేదన్నది మాత్రం ఖాయం, దానికి బాధ్యుడిని నేను. అన్న ఒక్క మాట కూడా నన్ను అనలేదు. ఆ ఇంటికి పోయి తండ్రి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ తండ్రి గనిలోనే డంపర్ ఆపరేటర్. అన్నే ఒకప్పుడు గేటు పాసు ఇప్పించినవాడు. 'ఇప్పుడు నేనెవరిని అడగాలన్నా?' అన్నాడతను.

టిప్పర్ల సమయం మీద రాతపూర్వక ఉత్తర్వు ఆ తర్వాత 11 రోజులకు వచ్చింది. బైపాస్ ఫైలు ఎన్నికలలోపు కదలలేదు. అన్న మళ్లీ ఓడిపోయాడు. ఈసారి గని ఊళ్లు ఆరింటిలో నాలుగు మాకే వేశాయి, సీసీ రోడ్లు వేసిన పెద్ద ఊళ్లే వేయలేదు. ఆ తర్వాత ఆయన పోటీ చేయలేదు. పోలింగ్ లెక్కల పుస్తకం నాకిచ్చి, 'నీ క్లాసుకు పనికొస్తది' అన్నాడు.

ఈ కేసు చెప్పినప్పుడు క్లాసులో ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. రసీదులు పోగేసే ఎమ్మెల్యే, ఫోన్‌తో వెంటనే పని చేయించే ఎమ్మెల్యే, జనానికి ఎవరు కావాలి అని. నిజం చెప్పాలంటే వాకిట్లో నిలబడ్డవాళ్లకు ఫోన్ కావాలి. రాత్రి జ్వరంతో ఉన్న బిడ్డకు బెడ్ దొరకకపోతే లేఖ రాస్తూ కూర్చోవడం అన్యాయం. నేను చెప్పేది, ఫోన్ చేసిన ప్రతిసారీ అదే రోజు ఒక కాగితం కూడా వెనకే పోవాలని. మా ఆఫీసులో రెండో టర్మ్‌లో ఈ పద్ధతి చాలావరకు పాటించాం. పాటించని ఒక్క రోజు గురించి పైన రాశాను.

గత నెల క్లాసు పిల్లలు తొమ్మిది మందిని ఆ ఊరికి తీసుకుపోయాను. అవ్వ చనిపోయి రెండేళ్లయింది. మనవరాలు మమ్మల్ని వెనక గోడ దగ్గరికి తీసుకుపోయింది. మూడో బిళ్ల మీద వెంట్రుకంత గీత కూడా లేదు, తేదీ మీద నాచు పట్టింది. పంతులు రిటైరయ్యాడు, నోట్‌బుక్ ఇప్పుడు ఆ అమ్మాయి రాస్తోంది. బైపాస్‌కు సర్వే రాళ్లు పాతారు కానీ భూసేకరణ నోటీసు ఇంకా రాలేదు. టిప్పర్ల సమయం ఉత్తర్వు బడి నోటీసు బోర్డు మీద ఉంది, దాని మీద సంతకం చేసిన అధికారి కూడా బదిలీ అయ్యాడు. కొత్తాయనకు కాపీ అందిందా అని మా వాళ్లలో ఒకమ్మాయి అడిగింది. ఎవరికీ తెలియదు. ఆ సోమవారం, జనం అర్జీలు అధికారులు తీసుకునే ప్రజావాణిలో ఆమె, ఆ మనవరాలు కలిసి అర్జీ ఇచ్చారు. సాయంత్రం రసీదు ఫొటో నాకు పంపారు, నంబర్‌తో సహా.